సైకెడెలిక్ మత్తు మామూలు జనంలో ఎంత? ఒక హాస్టల్ వార్డెన్ అనుభవం

ఎల్‌ఎస్‌డి, మ్యాజిక్ మష్రూమ్స్ వంటి సైకెడెలిక్‌లు, అంటే లేనివి ఉన్నట్టు భ్రాంతి కలిగించే మత్తుపదార్థాలు, వాడేవారు మామూలు జనంలో నిజంగా ఎంతమంది ఉంటారన్నది ప్రశ్న. చాలా తక్కువమందే, అయినా లెక్కల్లో కనిపించేంత తక్కువ కాదని నా గట్టి నమ్మకం. విజయవాడ కృష్ణలంకలో పదకొండేళ్లు ఒక ప్రైవేటు హాస్టల్ వార్డెన్‌గా పనిచేశాను.

కేంద్ర ప్రభుత్వం ఢిల్లీ ఎయిమ్స్ చేత జరిపించి 2019లో వెలువరించిన దేశవ్యాప్త సర్వేలో, 10 నుంచి 75 ఏళ్ల వయసువారిలో మద్యం తాగేవారు 14.6 శాతం, గంజాయి, భంగు వాడేవారు 2.8 శాతం ఉండగా, భ్రాంతి కలిగించే ఈ పదార్థాలు వాడేవారు 0.12 శాతమేనని, అంటే వెయ్యి మందిలో ఒకరికి కాస్త ఎక్కువని తేలింది. అమెరికాలో 2023లో పన్నెండేళ్లు, ఆ పైబడినవారిలో ఇది 3.1 శాతం. మా హాస్టల్లో మందు తాగి వచ్చినవాళ్లను వారం వారం చూశాను, గంజాయి ఏడాదికి రెండు మూడుసార్లు బయటపడేది, ఈ రకం మాత్రం ఒక్కసారే.

ఒక వేసవి రాత్రి పదిన్నరకు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం అబ్బాయి డాబా పిట్టగోడ పట్టుకుని, ఇంద్రకీలాద్రి వైపు చూస్తూ, “మాస్టారూ, కొండమీది దీపాలన్నీ కృష్ణలోకి కారిపోతున్నాయి, ఎవరైనా ఆపండి” అని ఏడ్చాడు. నోట మద్యం వాసన లేదు, తన పేరూ గది నంబరూ సరిగ్గానే చెప్పాడు, కంటిపాపలు మాత్రం బాగా విప్పారి ఉన్నాయి. గోడ ఎక్కుతాడేమోనన్న భయంతో నడుము చుట్టూ చేయి వేసి కిందికి దింపాను. బెంగళూరు స్నేహితుడిచ్చిన, ఎల్‌ఎస్‌డి అద్దిన గోరంత కాగితం ముక్క నాలుక కింద పెట్టుకున్నాడని అతని గదిలోని అబ్బాయి వణుకుతూ చెప్పాడు. ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్లి ఆ మాటే చెబితే, అక్కడి డ్యూటీ డాక్టరు మూత్రపరీక్షలో ఏమీ తేలకపోయినా చీటీలో గంజాయి అని రాశారు. కాదని రెండుసార్లు చెప్పినా దిద్దలేదు. తెల్లవారి ఎనిమిదింటికి గానీ ఆ పిల్లవాడు కుదుటపడలేదు.

ఎల్‌ఎస్‌డి మోతాదు మైక్రోగ్రాముల్లో, అంటే గ్రాములో పదిలక్షో వంతుల లెక్కలో ఉంటుంది, మామూలు మూత్రపరీక్ష కిట్లలో అది పట్టుబడదు, ప్రత్యేక పరీక్ష కావాలి. అలాంటప్పుడు ఆసుపత్రి రికార్డుల్లోకి అది ఎలా ఎక్కుతుంది? ఇక సర్వేవాళ్లు ఇంటికి వచ్చి అడిగితే, 1985 నాటి మత్తుపదార్థాల చట్టం ప్రకారం వాడకమే నేరమైనప్పుడు, పక్కగదిలో అమ్మానాన్నలు ఉండగా ఏ కుర్రవాడు ఒప్పుకుంటాడు? టీవీల వాళ్లు గంజాయి పొట్లం దొరికినా, నిద్రమాత్రలు దొరికినా డ్రగ్స్ అనే ఒక్క మాటతో సరిపెట్టడం నాకు మరీ బాధ కలిగిస్తుంది. సారా, నల్లమందు, గంజాయి అని పేరు పెట్టి అడగగలిగే తల్లిదండ్రులకు దీన్ని ఏమని అడగాలో కూడా తెలియదు.

వద్దని ఆ అబ్బాయి బతిమాలినా వాళ్ల నాన్నగారికి నేనే ఫోను చేశాను. గుంటూరు మిర్చియార్డులో కమీషన్ వ్యాపారం చేసే ఆయన మధ్యాహ్నానికి వచ్చి, “మావాడు గంజాయి ఎప్పటినుంచి తాగుతున్నాడండీ?” అని అడిగారు. ఇది గంజాయి కాదని ఎంత వివరించినా, ఆయన చేతిలోని ఆసుపత్రి చీటీనే నమ్మారు.