200 స్విచ్‌ల డేటా చేత్తో కాపీ చేయడం ఎలా మానేశానంటే

మీరు అడిగింది ఇదీ: రెండు వందల దాకా నెట్‌వర్క్ స్విచ్‌లు (కంప్యూటర్లను కలిపే పరికరాలు), నెలకోసారి ఒక్కోదాంట్లోకి పుట్టీ అనే లాగిన్ ప్రోగ్రామ్‌తో వెళ్లి, షో కమాండ్ల (స్విచ్ స్థితి చూపించే ఆదేశాల) అవుట్‌పుట్‌ని ఎక్సెల్‌లో పేస్ట్ చేస్తున్నారు, ఆటోమేట్ చేయడం ఎలా అని. నేనూ రెండేళ్లు ఇదే పని చేశాను. మూడు రోజులు పట్టేది, చివరి స్విచ్‌కి వచ్చేసరికి మొదటి రోజు తీసిన డేటా పాతబడిపోయేది.

పైథాన్, స్విచ్‌లలోకి లాగిన్ అయ్యే దాని లైబ్రరీ నెట్‌మికో చాలు. ఆన్సిబుల్ అనే ఆటోమేషన్ టూల్ ఇప్పటికే వచ్చుంటే దాంతోనే చేయండి, తేడా ఏం లేదు. అసలు తిప్పలు టూల్‌తో కాదు.

మొదట్లో నేను లాగిన్ అవడం, అవుట్‌పుట్ విడగొట్టడం, షీట్‌లో రాయడం అన్నీ ఒకే లూప్‌లో పెట్టాను. అరవయ్యో స్విచ్ దగ్గర ఏదో పాత వెర్షన్ కాస్త వేరే ఫార్మాట్‌లో ఇచ్చేసరికి స్క్రిప్ట్ పడిపోయింది, మళ్ళీ ఒకటో స్విచ్ నుంచి మొదలు. ఇప్పుడు మొదటి స్క్రిప్ట్ అవుట్‌పుట్‌ని ఉన్నదున్నట్టు స్విచ్ పేరు, తేదీతో ఫైల్‌లో పడేస్తుంది, అంతే. రెండోది ఆ ఫైళ్లను చదివి రిపోర్ట్ చేస్తుంది, అది ఎన్నిసార్లు తప్పినా స్విచ్‌ల జోలికి వెళ్లక్కర్లేదు. పైగా "ఈ పోర్ట్ ఎప్పటి నుంచి ఇలా ఉంది?" అని ఎవరైనా అడిగితే పాత ఫైళ్లలో గ్రెప్ (టెక్స్ట్ వెతికే కమాండ్) కొడితే తెలిసిపోతుంది.

అవుట్‌పుట్‌ని వరుసలు, గడులుగా విడగొట్టడానికి రెగెక్స్ (టెక్స్ట్ వెతికే నమూనాలు) సొంతంగా రాయకండి, ఆ పని చేసే టెక్స్ట్‌ఎఫ్‌ఎస్‌ఎమ్ అనే లైబ్రరీకి రెడీమేడ్ ఎన్‌టీసీ టెంప్లేట్లు ఉన్నాయి. ఒక్క మెలిక ఉంది. నెట్‌మికోలోనే టెక్స్ట్‌ఎఫ్‌ఎస్‌ఎమ్ ఆన్ చేసి వాడితే, టెంప్లేట్ సరిపోనప్పుడు అది ఎర్రర్ ఇవ్వదు, మామూలు స్ట్రింగ్‌నే చేతికిస్తుంది. మనం లిస్ట్ అనుకుని లూప్ తిప్పితే షీట్‌లో ఒక్కో వరుసలో ఒక్కో అక్షరం పడుతుంది. నాకు అలా నాలుగు వేల వరుసలు వచ్చాయి.

వేగం కోసం థ్రెడ్‌లు వాడండి (ఒకేసారి కొన్ని స్విచ్‌లతో మాట్లాడేలా), పది ఇరవై చాలు. నేను అత్యాశకు పోయి ఒకేసారి అన్నిటికీ వదిలితే లాగిన్‌లను సరిచూసే టాకాక్స్ సర్వర్ ఉక్కిరిబిక్కిరై సగం లాగిన్‌లు ఫెయిల్ అయ్యాయి.

అన్నిటికన్నా నన్ను ముంచింది మాత్రం పైథాన్‌లో ఎక్సెప్ట్ కింద పాస్ అని రాసి, అంటే ఎర్రర్ వస్తే చప్పుడు చేయకుండా దాటేయమని, వదిలేయడం. రిపోర్ట్ బాగుందని మేనేజర్‌కి పంపేశాను, తీరా చూస్తే జవాబివ్వక టైమౌట్ అయిన తొమ్మిది స్విచ్‌లు అందులో అసలు లేనే లేవు, వాటిలో ఒకదానికి పవర్ సప్లై పోయి ఉంది. అప్పటి నుంచి మొదటి షీట్‌లోనే అందని స్విచ్‌లు, పక్కనే కారణం: టైమౌటా, పాస్‌వర్డా, ఎస్‌ఎస్‌హెచ్ (భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి)లో పాతబడిన కీ ఎక్స్‌ఛేంజా. ఇన్వెంటరీలో (మన స్విచ్‌ల జాబితాలో) ఎన్ని ఉన్నాయో రిపోర్ట్‌లోనూ లెక్క అన్నే తేలాలి.

ఎక్సెల్‌తో జాగ్రత్త. కొన్ని కంపెనీల స్విచ్‌లలో పోర్ట్ పేరు 1/2 అని ఉంటుంది, సీఎస్‌వీ (కామాలతో విడదీసిన టెక్స్ట్) ఫైల్‌ని డబుల్ క్లిక్ చేసి తెరిస్తే అది తేదీ అయిపోతుంది. ఎక్సెల్ ఫైళ్లు రాసే పైథాన్ లైబ్రరీ ఓపెన్‌పైఎక్సెల్‌తో టెక్స్ట్‌గానే రాయండి.

ట్రాఫిక్ లెక్కలు కావాలంటే ఎస్‌ఎస్‌హెచ్ వద్దు, ఎస్‌ఎన్‌ఎమ్‌పీ (పరికరాల లెక్కలు అడిగి తీసుకునే ప్రోటోకాల్) వాడండి, అదీ 64 బిట్ కౌంటర్లే. 32 బిట్ బైట్ కౌంటరైతే గిగాబిట్ లింకు నిండుగా నడిచినప్పుడు సుమారు 34 సెకన్లకే చుట్టు తిరిగి సున్నాకి వస్తుంది. ఎర్రర్ కౌంటర్లు కూడబెట్టుకుంటూ పోతాయి కాబట్టి పోయిన నెలతో తేడా చూడండి, అప్‌టైమ్ (స్విచ్ ఆన్ అయి ఎంతసేపైందో) కూడా పక్కన పెట్టుకోండి, మధ్యలో రీబూట్ అయి ఉంటే తేడా మైనస్‌లో రావచ్చు.

పాస్‌వర్డ్ స్క్రిప్ట్‌లో రాయొద్దు. షో కమాండ్లు తప్ప ఇంకేమీ కొట్టలేని అకౌంట్ ఒకటి విడిగా అడిగి తీసుకోండి, రాత్రి రెండింటికి స్క్రిప్ట్ దానంతటదే నడుస్తున్నా టెన్షన్ ఉండదు.