అర్ధరాత్రి ఫోన్ వస్తే ముందు ఏ కౌంటీయో కనుక్కో

చిరంజీవి చిన్నాకు,

మీ పెద్దమామయ్య ఆశీస్సులు. మొన్న ఆదివారం భోజనాల దగ్గర "ఇక ఆ అర్ధరాత్రి ఫోన్లు నాకు మళ్లించెయ్ మామయ్యా, నువ్వు ప్రశాంతంగా పడుకో" అన్నావు. నేను నోరు తెరిచేలోపే మీ అత్తయ్య ఒప్పేసుకుంది. సరే, మంచిదే. ఇర్వింగ్‌లో ఇరవై ఆరేళ్లుగా పాతుకుపోయాను కాబట్టి, మనవాళ్ల పిల్లల్ని ఎవర్ని పోలీసులు పట్టుకెళ్లినా నా నంబరు ఎలాగో వాళ్ల చేతికి చేరుతుంది. నేను లాయర్ని కాను, పోలీసునీ కాను. మనిషి ఎక్కడున్నాడో వెతికి పెట్టడం వరకే మన పని. అది ఎలాగో చెప్పకుండా ఫోన్ నీకు అంటగడితే నిన్ను నూతిలోకి తోసినట్టే.

ఎత్తగానే అవతలివాళ్లు "డాలస్‌లో అరెస్టు చేశారండీ" అంటారు. దాంతో మనకి ఏమీ తెలిసినట్టు కాదు. ఇక్కడ అరెస్టయినవాళ్లని పెట్టే జైలు కౌంటీది (మన జిల్లా లాంటిదనుకో), దాన్ని నడిపేది షెరీఫ్, అంటే ఆ కౌంటీ పోలీసు అధికారి. టెక్సస్‌లో 254 కౌంటీలు, ఎవరి ఖైదీల జాబితా వాళ్లదే. ఇర్వింగ్‌లో పట్టుకుంటే డాలస్ కౌంటీ, అంటే డౌన్‌టౌన్ దగ్గరున్న లూ స్టెరెట్ జైలు. ప్లేనో అయితే దాదాపుగా కాలిన్ కౌంటీయే, దాని జైలు మెకిన్నీలో. ఫోర్ట్‌వర్త్ అయితే టారెంట్. ఫ్రిస్కోతోనే తలనొప్పి, ఊరు కొంత కాలిన్‌లో కొంత డెంటన్‌లో ఉంది.

కాబట్టి "మీవాడు ఎక్కడుంటాడు" అని అడక్కు. "ఎక్కడ ఆపారు? ఏ రోడ్డు? ఏ షాపు?" అని అడుగు. ఆ చోటు మ్యాప్‌లో పెట్టి ఏ కౌంటీయో చూడు. నేనొకసారి ఇక్కడే బోల్తా పడ్డాను. కుర్రాడి అపార్ట్‌మెంట్ మా వీధి చివరే. డాలస్ కౌంటీ జాబితా తెరుచుకుని తెల్లారేదాకా పేజీ తిప్పుతూ కూర్చున్నాను. వాణ్ని ఆపింది ఎక్కడో హైవే మీద, పక్క కౌంటీలో. ఖమ్మంలో వాళ్లమ్మ ఆ నాలుగు గంటలూ ఫోన్ చేతిలోంచి దించలేదట.

కౌంటీ తెలిసింది కదా అని పేరు వెంటనే కనపడదు. ముందు ఆ ఊరి పోలీసుల దగ్గరుండే చిన్న లాకప్‌లో కొన్ని గంటలు ఉంచవచ్చు. తర్వాత కౌంటీ జైలుకి తీసుకెళ్లి వేలిముద్రలు, ఫొటో, ఆరోగ్యం గురించి ప్రశ్నలు, జేబులో ఉన్నవన్నీ కవర్లో వేసి సంతకం. దీన్నే బుకింగ్ అంటారు. శనివారం రాత్రయితే ఇది తెల్లవారుజాము దాకా సాగుతుంది. అది అయ్యాకే పేరు జాబితాలోకి ఎక్కుతుంది. పేరు లేదంటే మనిషి అక్కడ లేడని కాదు, ఇంకా రాయలేదని. ఆ వ్యవధిలో ఆ ఊరి పోలీసుల మామూలు నంబరుకి ఫోన్ చెయ్, అత్యవసర నంబరు 911కి మాత్రం వద్దు. పేరు, పుట్టిన తేదీ చెప్పి "మీ దగ్గర ఉన్నారా, కౌంటీకి పంపేశారా" అని మర్యాదగా అడిగితే చాలామంది చెప్తారు.

జాబితా ఎప్పుడూ షెరీఫ్ ఆఫీసు సొంత పేజీ నుంచే తెరువు. 'జైల్ సెర్చ్' అనో 'ఇన్‌మేట్ సెర్చ్' అనో ఉంటుంది, పైసా అడగరు. గూగుల్‌లో పేరు కొడితే ముందు వచ్చేవి వ్యాపారం సైట్లు. "రికార్డు దొరికింది, చూడాలంటే ఒక్క డాలరే" అని కార్డు నంబరు అడుగుతాయి. రికార్డూ ఉండదు, ఆ డాలరు నెలనెలా పెద్దదవుతుంది.

ఇప్పుడు పేరు సంగతి. ఇది మన తెలుగువాళ్లకే పట్టిన గ్రహచారం, జాగ్రత్తగా చదువు. మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. పాస్‌పోర్టులో ఒకరు విడదీసి రాస్తారు, ఇంకొకరు మొత్తం ఒకే గడిలో కుక్కేస్తారు. అలా ఒకే గడిలో ఉంటే అమెరికా వీసా మీద మొదటి పేరు స్థానంలో 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది, మొదటి పేరు తెలియదు అని దానర్థం. రాత్రి రెండింటికి బుకింగ్ చేసే ఆఫీసరు ఆ మూడక్షరాలనే పేరనుకుని టైప్ చేసేస్తాడు. వెంకట సాయి కృష్ణ అని మూడు ముక్కలుంటే మొదటి ముక్క పేరు, మిగతావి గాల్లో. అందుకని నేను పేరంతా ఎప్పుడూ కొట్టను. ఇంటిపేరులో మొదటి మూడు నాలుగు అక్షరాలు, దాంతోపాటు పుట్టిన తేదీ. దొరక్కపోతే పేరునీ ఇంటిపేరునీ తారుమారు చేసి కొడతాను. అదీ కాకపోతే 'ఎఫ్ఎన్‌యూ'. లక్ష్మికి కొందరు 'కేఎస్‌హెచ్' రాస్తారు, కొందరు 'ఎక్స్' రాస్తారు. చౌదరికైతే స్పెల్లింగులు లెక్కలేనన్ని. అందుకే ఫోన్ చేసినవాళ్లని ముందు పాస్‌పోర్టు మొదటి పేజీ ఫొటో పంపమను. నోటితో చెప్పిన స్పెల్లింగ్‌తో వెతక్కు.

దొరికాక గాభరాగా కింద ఉన్న డాలర్ల అంకె దగ్గరికి పోకు. ముందు బుకింగ్ నంబరు రాసుకో. లాయరు అడిగేదీ, బాండ్ (బెయిలు డబ్బు) కట్టేచోట అడిగేదీ అదే. అరెస్టు చేసింది ఏ ఊరి పోలీసులో చూడు. నేరం అని ఉన్నది పట్టుకున్న ఆఫీసరు రాసింది. రేపు ప్రాసిక్యూటర్ దాన్ని మార్చవచ్చు, అసలు కేసే పెట్టకపోవచ్చు. బాండ్ గడి ఖాళీగా ఉంటే ఇంకా మేజిస్ట్రేట్ ముందుకి తీసుకెళ్లలేదని అర్థం. టెక్సస్‌లో 48 గంటల్లోపు తీసుకెళ్లాలి. "బెయిల్ ఇవ్వలేదట" అని ఇంట్లోవాళ్లు ఏడవడం మొదలుపెడతారు, ఆ తేడా నువ్వే వివరించాలి.

బాండ్ గడికన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. 'హోల్డ్' అనో 'డిటెయినర్' అనో కనిపిస్తే, దాని పక్కన ఐస్ (అమెరికా ఇమిగ్రేషన్ పోలీసులు) పేరుంటే, చెయ్యి వెనక్కి తీసుకో. కౌంటీ వదిలినా మరో 48 గంటల వరకు ఉంచండి, మేమొచ్చి తీసుకెళ్తాం అని ఇమిగ్రేషన్ వాళ్లు పెట్టిన కాగితం అది. ఇది చూడకుండా స్నేహితులు చందాలు వేసుకుని బాండ్ కట్టేస్తే పిల్లవాడు ఇంటికి రాకుండా నేరుగా ఇమిగ్రేషన్ నిర్బంధంలోకి పోవచ్చు. ముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడాకే డబ్బు.

కౌంటీలో ఎక్కడా లేకపోతే ఐస్ వాళ్ల డిటెయినీ లొకేటర్, అంటే వాళ్ల నిర్బంధంలో ఉన్నవాళ్లని వెతికే సైటు చూడు. ఏ-నంబరు (ఇమిగ్రేషన్ వాళ్లు విదేశీయులకిచ్చే నంబరు) ఉంటే అది, లేకపోతే పేరు; ఏదైనా పుట్టిన దేశం కూడా ఇవ్వాలి. ఇక్కడ కౌంటీ జాబితాలా మూడక్షరాలతో పని జరగదు, పేరు వాళ్లు రాసుకున్నట్టే ఉండాలి. 2019 జనవరి ఆఖర్లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గొడవ నీకు గుర్తుండకపోవచ్చు. అది ప్రభుత్వమే ఉచ్చులా పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. మొదటి విడతలో పట్టుకున్న 130 మంది విద్యార్థుల్లో 129 మంది మన దేశంవాళ్లే, అందులో తెలుగు పిల్లలు బోలెడుమంది. ఆ వారం నేను నిద్రపోయింది తక్కువ. ఒక్కొక్కరు ఒక్కో రాష్ట్రంలో దొరికారు. వాళ్ల మీద ఉన్నది ఇమిగ్రేషన్ వ్యవహారం, మామూలు నేరం కాదు. ఆ సంగతి తెలియక మేం మొదటిరోజంతా కౌంటీ జాబితాల్లో తవ్వుకుంటూ కూర్చున్నాం.

ఫెడరల్, అంటే కేంద్రప్రభుత్వ కేసు అయితే ఇంకో దారి. ఫెడరల్ జైళ్లు నడిపే బ్యూరో ఆఫ్ ప్రిజన్స్ వాళ్లకి వేరే జాబితా ఉంది, 1982 నుంచి అందులో పేర్లున్నాయి. కానీ విచారణలో ఉన్నవాళ్లని మార్షల్స్ (ఫెడరల్ కోర్టుల తరఫు పోలీసులు) చాలాసార్లు కౌంటీ జైల్లోనే పెడతారు, అప్పుడు పేరు మళ్లీ మన పాత జాబితాలోనే దొరుకుతుంది. ఫెడరల్ కోర్టు కాగితాలకి పేసర్ అనే సైటు ఉంది, పేజీకి పది సెంట్లు.

'వైన్' అన్న మాట కూడా వింటావు, ఖైదీ బయటికొస్తే కబురు చేసే వ్యవస్థ అది. కెంటకీలోని లూయివిల్‌లో 1993 డిసెంబరులో మేరీ బైరన్ అనే అమ్మాయిని, సరిగ్గా ఆమె ఇరవై ఒకటో పుట్టినరోజున, జైలు నుంచి బెయిలు మీద వచ్చిన మాజీ స్నేహితుడు కాల్చి చంపాడు. వాడు బయటికొచ్చాడని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాతి ఏడాది మొదలైంది ఈ వ్యవస్థ. ఖైదీని వదిలినా, వేరే జైలుకి మార్చినా నమోదు చేసుకున్నవాళ్లకి కబురు వస్తుంది. చాలా రాష్ట్రాల్లో ఉంది, ఉచితం. ఒకసారి ఒక అమ్మాయి, కొట్టే భర్త లోపలున్నాడా వదిలేశారా అని వణుకుతూ ఫోన్ చేసింది. మనం జాబితా వెతికేది లోపలున్నవాళ్ల కోసమే కాదు, వాళ్లకి భయపడేవాళ్ల కోసం కూడా. అలాంటి ఫోన్ వస్తే భర్త తరఫువాళ్లకి ఒక్క ముక్క చెప్పకు.

కాన్సులేట్ గురించి తప్పకుండా అడుగుతారు. 1963 వియన్నా ఒప్పందం ప్రకారం, పట్టుకున్న విదేశీయుణ్ని నీ కాన్సులేట్‌కి చెప్పమంటావా అని పోలీసులు అడగాలి. కొన్ని దేశాలవాళ్ల విషయంలో అడక్కుండానే చెప్పాలి గానీ మన దేశం ఆ లెక్కలో లేదు. కాబట్టి పిల్లవాడే "చెప్పండి" అనాలి. టెక్సస్ హ్యూస్టన్ కాన్సులేట్ కిందికి వస్తుంది. వాడు నీకు జైలు నుంచి ఫోన్ చేస్తే ఈ మాట చెప్పు. ఏం జరిగిందని మాత్రం అడక్కు. ఆ ఫోన్లు రికార్డవుతాయి.

జాబితాలు అందరికీ కనపడతాయి కాబట్టి మోసగాళ్లకీ కనపడతాయి. పేరు, బుకింగ్ నంబరు, కేసు అన్నీ చెప్పి "నేను డిప్యూటీని, గంటలో బాండ్ కట్టకపోతే" అని బెదిరిస్తారు. గిఫ్ట్ కార్డన్నా, జెల్ (ఫోన్‌లోంచి డబ్బు పంపే పద్ధతి) అన్నా ఫోన్ పెట్టేసి జైలు నంబరుకి నువ్వే తిరిగి చెయ్. అసలు బాండ్ జైలు దగ్గర కట్టవచ్చు, లేదా మన తరఫున పూచీ పడే బాండ్స్‌మన్ అనే వ్యాపారి ద్వారా. వాడికి మామూలుగా బాండ్‌లో పదో వంతు ఇస్తారు, అది తిరిగి రాదని ముందే చెప్పు.

ఇంకో రకం ఫోన్లూ వస్తాయి, నవ్వకు. "సంబంధం చూస్తున్నామండీ, అబ్బాయి మీద కేసులేమైనా ఉన్నాయేమో చూసి పెడతారా?" జైలు జాబితా అంటే ఇవాళ లోపల ఎవరున్నారో చెప్పేది, జాతకం కాదు. కొన్ని కౌంటీల్లో వదలగానే పేరు తీసేస్తారు. అరెస్టయిన తర్వాత కేసు కొట్టేశారా, శిక్ష పడిందా అన్నది కోర్టు రికార్డులో ఉంటుంది, అది చూడకుండా ఎవరి గురించీ మాట్లాడకూడదు. నేనైతే ఇలాంటివాళ్లకి "మీరే కోర్టు సైట్లో చూసుకోండి" అనేస్తాను. అద్దెకిచ్చేవాళ్లు, ఉద్యోగమిచ్చేవాళ్లు అడిగినా అంతే. వాళ్లు చేయించుకునే బ్యాక్‌గ్రౌండ్ చెక్‌కి 1970 నుంచి ఫెడరల్ చట్టం ఉంది, ఆ దారినే పోవాలి.

స్క్రీన్‌షాట్ మాత్రం ఎవరికీ పంపకు. తల్లిదండ్రులకి కూడా నోటితోనే చెప్పు. ఒకసారి నేను మంచికే అనుకుని ఒక్కరికి పంపాను. సాయంత్రానికి అది వాళ్ల ఊరి కాలేజీ పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఉంది, ఫొటోతో సహా. కేసు తర్వాత కొట్టేశారు. ఆ ఫొటో ఇంకా ఎవరెవరి ఫోన్లలో ఉందో. మగ్‌షాట్లు, అంటే అరెస్టు ఫొటోలు పెట్టే సైట్లయితే తీసేయడానికి డబ్బు అడిగేవి, టెక్సస్ 2013లో చట్టం చేసి వాటికి కళ్లెం వేసింది. మన వాట్సాప్‌కి అలాంటి చట్టం లేదు.

చివరిగా, కేసు ఎలా ముగిసినా కోర్టు ముద్ర ఉన్న కాగితం ఒకటి తీసుకుని దాచుకోమని పిల్లలకి చెప్పు. కేసు కొట్టేస్తే లాయరు ఎక్స్‌పంక్షన్ (రికార్డు చెరిపించడం) చేయిస్తానంటాడు, చేయించమను, కానీ ముందు ఆ కాగితం తీసుకున్నాకే. వీసా దరఖాస్తులో "ఎప్పుడైనా అరెస్టయ్యారా" అని అడుగుతారు, శిక్ష పడిందా అని మాత్రమే కాదు. తాగి నడిపి అరెస్టయితే శిక్ష పడకముందే వీసా రద్దయిన సందర్భాలున్నాయి. అక్కడ లేదని అబద్ధం రాస్తే అసలు కేసుకన్నా అదే పెద్దదవుతుంది.

శుక్రవారం సాయంత్రం వచ్చి నీలం డైరీ తీసుకెళ్లు. కౌంటీల ఫోన్ నంబర్లూ, లాయర్ల నంబర్లూ అందులో ఉన్నాయి. కాలిన్ పేజీ మీద మీ అత్తయ్య కాఫీ ఒలికించింది, ఒకటో ఏడో తేలకపోతే నాకు ఫోన్ చెయ్, నిద్రలో ఉన్నా సరే.

మీ పెద్దమామయ్య