పెరటి ప్రశ్నలు: దాచిన దుంప ఎందుకు కుళ్ళుతుంది?

ప్రశ్న: మా అమ్మాయీ అల్లుడూ అమెరికాలో మిన్నెసోటాలో ఉంటారు. పెరట్లో బంగాళాదుంపలు, ఉల్లి, కేరట్, తీపి గుమ్మడి, టమాటా పండిస్తున్నారు. పోయినేడు మంచు పడేలోగా అన్నీ తీసి బేస్‌మెంట్‌లో ఒకచోట పెట్టారు. సంక్రాంతికే గుమ్మడికాయలు మెత్తబడ్డాయి, దుంపలకు మొలకలొచ్చాయి. ఈసారి ఏం చేయమనాలి?
– ఒక పాఠకురాలు, రావులపాలెం

జవాబు: ఒకచోట పెట్టడంతోనే వచ్చింది చిక్కు. గుమ్మడి వేడిని కోరే తీగ. 10 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గిన చలిలో వారాల తరబడి ఉంటే కండ దెబ్బతిని కుళ్ళు పడుతుంది. బంగాళాదుంపకేమో 4–7 డిగ్రీలు కావాలి, అంతకన్నా వెచ్చగా ఉంటే మొలకెత్తుతుంది. ముందు ఒక థర్మామీటరు కొని, బేస్‌మెంట్‌లో మూలమూలకీ ఒక్కో రోజు ఉంచి చూడమనండి. హీటరు ఉన్న వైపు వెచ్చగా, బయటి గోడ వైపు చల్లగా ఉంటుంది. ఏది ఎక్కడ పెట్టాలో దాన్నిబట్టి తేలిపోతుంది.

కోతకు వరస ఉంది. గుమ్మడి, టమాటా తొలి మంచుకు ముందే ఇంట్లోకి రావాలి. కేరట్‌కు తొందర లేదు. చిన్నపాటి మంచు తగిలితే ఇంకా తియ్యబడుతుంది, నేల గడ్డకట్టేలోగా తీస్తే చాలు. బంగాళాదుంప మొక్క ఎండిపోయాక రెండు వారాలు ఆగి తవ్వాలి. బొటనవేలితో గట్టిగా రుద్దినా తొక్క ఊడకపోతే దుంప తయారైనట్టు. కడగొద్దు, మట్టి దులిపితే చాలు. చీకట్లో, 10–15 డిగ్రీల్లో, కాస్త తేమ ఉన్నచోట 10–14 రోజులు ఆరనిస్తే తవ్వేటప్పుడు తగిలిన గాయాలు మానతాయి. ఆ తర్వాతే చల్లటి మూలకు మార్చాలి. వెలుతురు తగిలితే పచ్చబడి చేదెక్కుతుంది, పచ్చభాగం తినకూడదు. మరీ చలిలో, అంటే ఫ్రిజ్‌లో పెడితే పిండి చక్కెరగా మారి వేపుడు నల్లబడుతుంది. పక్కన ఆపిల్ పళ్ళ బుట్ట ఉండకూడదు, వాటినుంచి వచ్చే ఇథిలీన్ వాయువు నిల్వను పాడుచేస్తుంది.

గుమ్మడికాయ గోరు గుచ్చితే దిగనంత గట్టిపడ్డాక, మూడు నాలుగు అంగుళాల తొడిమతో కోయాలి. తొడిమ పట్టుకుని ఎత్తొద్దు, విరిగితే కుళ్ళు అక్కడే మొదలవుతుంది. 27–29 డిగ్రీల వెచ్చటి గదిలో పది రోజులు ఉంచి, తర్వాత 10–13 డిగ్రీలున్న చోట (వాళ్ళ లెక్కలో 50–55 ఫారెన్‌హీట్) చెక్క అరమీద ఒకదానికొకటి తగలకుండా పేర్చాలి. సిమెంటు నేలమీద వద్దు.

కేరట్ ఆకు అర అంగుళం పైన కోసి, తడి ఇసుకలో పొరలుపొరలుగా పెట్టెలో సర్దాలి. ఇసుక పిడికిట్లో బిగిస్తే ముద్ద కట్టాలి, నీటిచుక్క రాలకూడదు. పెట్టె ఉండేచోట వేడి సున్నాకు దగ్గరగా ఉంటే మంచిది, గడ్డకట్టకూడదు. ఉల్లికీ చలే కావాలి కానీ తేమ పనికిరాదు. మెడ పూర్తిగా ఎండాక వల సంచిలో వేసి, బంగాళాదుంపలకు దూరంగా పైన వేలాడదీయమనండి. పచ్చి టమాటాలు కాగితంలో చుట్టి గుమ్మడి నిల్వ ఉంచిన చోటే ఒకే వరసలో పెడితే మెల్లగా పండుతాయి.

ప్రశ్న: పెరట్లో గజేంద్ర కంద, బూడిద గుమ్మడి ఉన్నాయి. కంద ఉగాది దాకా ఉంచాలి. పోయినసారి గోనెసంచిలో వేస్తే సగం కుళ్ళింది.
– ఒక పాఠకుడు, అంబాజీపేట

జవాబు: కొవ్వూరు పరిశోధన స్థానం ఇచ్చిన గజేంద్ర మంచి రకం, దురద తక్కువ. నాటిన ఎనిమిది తొమ్మిది నెలలకు ఆకు పండి కాడ వాలిపోతుంది. అప్పుడు నీళ్ళు ఆపి, నేల ఆరాక తవ్వండి. గునపం కాడకు అడుగున్నర దూరంలో దింపాలి. దుంపకు గాటు పడిందా, అది ముందు కూరకే. మంచివాటి వేళ్ళు తీసి, మట్టి దులిపి, నీడలో గాలి తగిలేలా నాలుగైదు రోజులు ఆరనివ్వండి.

మన డెల్టాలో చలి కాదు, తేమే శత్రువు. గోనెలో ఒకదాని మీద ఒకటి పడితే చెమ్మ బయటికి పోదు, ఒక దుంప కుళ్ళు పక్కదానికి అంటుకుంటుంది. వెదురు తడికె మీద గానీ, పొడి ఇసుక మీద గానీ ఒకే వరసలో పరచండి. పుష్యమాసపు పొగమంచు వేళ కిటికీలు మూసి, పది గంటలకు ఎండ వచ్చాక తెరవండి. వారానికోసారి చేత్తో నొక్కి చూసి, మెత్తబడింది, తెల్లని బూజు దారాలు కనిపించింది తీసేయండి. విత్తనానికి ఉంచేవి విడిగా పెట్టుకోండి. నాటేటప్పుడు అరకిలో ముక్కలు కోసి, ప్రతి ముక్కకూ నడిమి మొలక భాగం కొంత ఉండేలా చూసుకోవాలి.

బూడిద గుమ్మడి ఒళ్ళంతా తెల్లబూడిద పట్టాక తొడిమతో కోసి ఉట్టిలో పెట్టండి. ఆ బూడిద తుడవొద్దు, కాయలోని నీరు ఆరిపోకుండా కాపాడేది అదే.

ప్రశ్న: చిలగడదుంపలు ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: వద్దు. 12 డిగ్రీలకు తగ్గితే లోపల గట్టిపడి, ఎంత ఉడికించినా మెత్తబడదు. గాలి ఆడే బుట్టలో వంటింటి మూల ఉంచండి.