మోల్ దగ్గరే ఆగిపోతున్నాను

ప్రశ్న: డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్‌లో బట్టీతో గట్టెక్కిన కెమిస్ట్రీ ఇప్పుడు కొరుకుడు పడటం లేదు. మానేయమంటారా?
– ఒక విద్యార్థిని, మద్దిలపాలెం, విశాఖపట్నం

జవాబు: మానవద్దమ్మా. ముందుగా మోల్ భావనకు, అంటే అణువుల వంటి సూక్ష్మ కణాలను గుంపుగా లెక్కించే ప్రమాణానికి, ఒక వారం కేటాయించండి. మొదటి ఏడాది లెక్కలు చాలావరకు దాని మీదే ఆధారపడతాయి. 18 గ్రాముల నీరు, అంటే నాలుగు టీస్పూన్లకు కాస్త తక్కువ, ఒక మోల్, అందులో 6.022 × 10²³ అణువులుంటాయని గ్లాసులో పోసి చూసుకుంటే ఆ సంఖ్య భయపెట్టదు. పుస్తకంలోని జవాబు చూసి అర్థమైందనుకోవడమే, నా దృష్టిలో, అసలు చిక్కు. పుస్తకం మూసి, 36 గ్రాముల నీరు తయారవడానికి ఎంత హైడ్రోజన్ కావాలో ప్రమాణాలతో సహా రాయండి. 4 గ్రాములు రాకపోతే, తప్పిన మెట్టుకు గుర్తు పెట్టి, ఆ కాగితంతోనే మీ లెక్చరర్ గారిని కలవండి.