ఎఫ్‌-1, హెచ్‌-4 వీసాలతో ఆస్ట్రోఫిజిక్స్ ఆర్‌ఈయూకి అప్లై చేయొచ్చా?

సాధారణంగా కుదరదు. అమెరికాలో వేసవిలో నడిచే ఈ అండర్‌గ్రాడ్ పరిశోధన కార్యక్రమాలకు స్టైపెండ్ ఇచ్చేది ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్. ఆ సొమ్ము అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డ్ ఉన్నవారికే చెల్లించాలన్నది నిబంధన. హార్వర్డ్ దగ్గరి స్మిత్‌సోనియన్ అబ్జర్వేటరీలో 10 వారాల ఆర్‌ఈయూకీ అంతే. మార్కులెన్ని ఉన్నా లాభం లేదు.

ఎఫ్‌-1 విద్యార్థులు సీపీటీ (చదువులో భాగంగా పని చేసే అనుమతి) తెచ్చుకుంటే సరిపోతుందని చాలామంది పొరబడతారు. సీపీటీ పని చేసే హక్కునిస్తుంది, ఈ నిధికి అర్హతనివ్వదు. చిన్నప్పుడే అమెరికా వచ్చిన హెచ్‌-4 పిల్లలకైనా గ్రీన్ కార్డ్ చేతికొచ్చేదాకా ఇదే వర్తిస్తుంది.

మీ ప్రొఫెసర్ మామూలు రీసెర్చ్ గ్రాంటుకు సాధారణంగా ఈ అడ్డు ఉండదు; ముందు అక్కడే అడగండి. కాల్‌టెక్ విశ్వవిద్యాలయం నడిపే వేసవి పరిశోధన కార్యక్రమం సర్ఫ్ విదేశీయులనూ తీసుకుంటుంది. కాకపోతే ముందుగా మెంటర్‌ను వెతుక్కుని, ప్రతిపాదన రాసి ఫిబ్రవరిలో పంపాలి. జనవరి చివర్లో వెతకడం మొదలుపెడితే ఆలస్యమైనట్టే.