ఫ్లాగ్‌స్టాఫ్‌కి పన్నెండున్నర గంటలు, మరి బౌలింగ్ గ్రీన్‌కి?

ప్రశ్న: మా అమ్మాయి అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్‌లో, అబ్బాయి కెంటకీలోని బౌలింగ్ గ్రీన్‌లో ఎమ్మెస్ చేస్తున్నారు. ఆదివారం అందరం కలిసి వీడియో కాల్ పెట్టుకుంటాం. మార్చి రాగానే అబ్బాయి టైమ్ మారింది, అమ్మాయిది మారలేదు. ఎందుకని? ఏ టైమ్ పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు?
– ఒక గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: అమెరికాలో చాలాచోట్ల వేసవి కోసం మార్చిలో గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు, అరిజోనా మాత్రం 1968 నుంచి జరపడం లేదమ్మా. అసలే మండే ఎండలు, సాయంత్రం ఇంకో గంట వెలుగు ఎవరికి కావాలి? అందుకే ఫ్లాగ్‌స్టాఫ్ ఏడాది పొడవునా మనకన్నా పన్నెండున్నర గంటలు వెనకే ఉంటుంది. మన టైమ్‌లో అరగంట తీసేసి పొద్దున్ను రాత్రిగా మార్చుకుంటే సరి. మనకు ఆదివారం ఉదయం 8 అయితే అక్కడ శనివారం రాత్రి 7:30.

బౌలింగ్ గ్రీన్‌ది సెంట్రల్ టైమ్. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా తేడా పదిన్నర గంటలు, మిగతా నెలల్లో పదకొండున్నర. అంటే మన ఉదయం 8కి అబ్బాయికి వేసవిలో రాత్రి 9:30, చలికాలంలో 8:30. ఇద్దరూ భోజనాల వేళకి గదిలోనే ఉంటారు కాబట్టి ఇదే మంచి టైమ్. మన రాత్రి 8 అంటే అమ్మాయికి ఆదివారం పొద్దున 7:30. లేచి మాట్లాడితే మీ అదృష్టం.

క్యాలెండర్‌లో కాల్‌ను హైదరాబాద్ టైమ్‌తో మీరే పెట్టండి. అప్పుడు మార్చిలో అబ్బాయి గడియారం ఒక్కటే కదులుతుంది. అబ్బాయి తన సెంట్రల్ టైమ్‌తో (క్యాలెండర్‌లో ‘చికాగో’ అని ఉంటుంది) పెడితే మీకూ అమ్మాయికీ గంట జరుగుతుంది. అమ్మాయి పెట్టేటట్టయితే అరిజోనా టైమ్ అయిన ‘ఫీనిక్స్’ ఎంచుకోవాలి. ‘మౌంటెన్ టైమ్’ కింద డెన్వర్ ఎంచుకుంటే చలికాలమంతా సరిగ్గానే కనిపించి, మార్చిలో గంట తప్పుతుంది.

ప్రశ్న: ఈ రెండు ఊళ్లలోనూ మా పాపకి సీటు వచ్చింది. అరిజోనా ఎడారి కదా, స్వెటర్లు అక్కర్లేదా? ఊళ్లు ఎలా ఉంటాయి?
– ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఎడారి ఫీనిక్స్‌ది. ఫ్లాగ్‌స్టాఫ్ సుమారు 7,000 అడుగుల ఎత్తున, పైన్ అడవి మధ్యలో ఉంది. మంచు బాగా కురుస్తుంది, జూన్‌లో కూడా రాత్రిళ్లు చలే. మంచులో జారని బూట్లు, మందపాటి జాకెట్ తప్పనిసరి. గాలి పొడిగా ఉంటుంది కనుక పెదవులకీ చర్మానికీ రాసుకునేవి ఇక్కడినుంచే పంపండి.

వంట సంగతి ముందే చెప్పండి. ఆ ఎత్తులో నీళ్లు 93 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కందిపప్పు గిన్నెలో గంటసేపు ఉడికినా గింజ గింజగానే ఉంటుంది. కుక్కర్ ఉండాల్సిందే. కుక్కర్ లోపల కూడా వేడి ఇక్కడికన్నా కాస్త తక్కువే కాబట్టి పప్పు ముందుగా నానబెట్టి, ఇంట్లో పెట్టేదానికన్నా రెండు విజిల్స్ ఎక్కువ రానివ్వాలి.

ఊరి ముద్దుపేరు ‘చీకటి ఆకాశం’ అనుకోవచ్చు. 1930లో ప్లూటోను కనిపెట్టిన లోవెల్ అబ్జర్వేటరీ ఇక్కడిదే. నక్షత్రాలు మసకబారకుండా వీధి దీపాలకు కట్టడి ఉంటుంది. రాత్రి లైబ్రరీ నుంచి నడిచొచ్చే పిల్లలు చిన్న టార్చి పెట్టుకోవడం మేలు. గూడ్సు రైళ్లు ఊరి నడిబొడ్డు నుంచే పోతాయి, పట్టాల పక్క గది తీసుకోవద్దు.

బౌలింగ్ గ్రీన్‌లో ఎత్తు సమస్య లేదు. వేసవిలో ఉక్క, ఏడాదంతా వానలు. ఊరి కింద సున్నపురాయి, గుహలు. 2014 ఫిబ్రవరిలో కార్వెట్ అనే స్పోర్ట్స్ కార్ల మ్యూజియంలో నేల కుంగి ఎనిమిది కార్లు లోపలికి పడిపోయాయి. కార్వెట్ కార్లు తయారయ్యేదీ ఆ ఊళ్లోనే. జనాభా రెండు చోట్లా డెబ్బై వేల పైచిలుకే అయినా, అద్దెలు ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఎక్కువ. నెలవారీ ఖర్చే ముఖ్యమైతే మా ఓటు బౌలింగ్ గ్రీన్‌కే.

ప్రశ్న: బౌలింగ్ గ్రీన్‌కి ఏ ఎయిర్‌పోర్టులో దిగాలి?
– ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: నాష్‌విల్. దగ్గరా అదే, టైమూ అదే. లూయీవిల్ కూడా కెంటకీయే కానీ అది ఈస్టర్న్ టైమ్, గంట ముందుంటుంది. టికెట్ మీద ఉండేది ఏ ఊరికి ఆ ఊరి టైమే. తిరుగు ప్రయాణంలో లూయీవిల్‌లో మధ్యాహ్నం 2 గంటల విమానమంటే బౌలింగ్ గ్రీన్ గడియారంలో ఒంటిగంటకే. దారి రెండు గంటలు వేసుకుని, ఆ లెక్కన బయల్దేరాలి.