వేరే దేశపు రెజిమెంట్‌తో ‘మిత్రత్వం’ అంటే ఏమిటి?

రెండు దేశాల రెజిమెంట్లు (సైనిక దళాలు) మిత్రులైతే యుద్ధంలో ఒకరి సాయానికి ఒకరు రావాల్సిందేనా అని అడిగారు. అక్కర్లేదు. ఇది చుట్టరికం లాంటిది. ఒకరి మీద ఒకరికి అధికారం ఉండదు. మాంట్రియల్‌లోని కెనడా బ్లాక్ వాచ్ రెజిమెంట్‌నే చూడండి: స్కాట్లండ్ బ్లాక్ వాచ్ పేరే పెట్టుకుంది, టోపీకి అదే ఎర్ర ఈకల కుచ్చు. శుభాకాంక్షలు, ఆఫీసర్ల రాకపోకలు, మెస్‌లో (ఆఫీసర్ల భోజనశాలలో) మర్యాదలు, అంతే.

మన సైన్యానికీ బ్రిటన్‌తో ఇలాంటి పాత బంధాలున్నాయి. ఇక్కడ బెంగళూరులో అల్సూరు చెరువు పక్కనుండే మద్రాస్ సాపర్స్‌లో (సైన్యపు ఇంజినీర్ల దళంలో) మన తెలుగువాళ్లూ ఉంటారు. 1780 నాటి దళం అది. 1947 దాకా చాలామంది ఆఫీసర్లు బ్రిటన్ సైన్యపు ఇంజినీర్ల దళం రాయల్ ఇంజినీర్స్ నుంచే వచ్చేవారు.

నేపాలీ సైనికులైన గూర్ఖాలది మరీ విచిత్రం. 1947లో వాళ్ల పది రెజిమెంట్లనూ అన్నదమ్ముల ఆస్తిలా పంచేశారు: ఆరు మనకు, నాలుగు బ్రిటన్‌కు.